పై వార్డు కబురు

బండ పోయిన మర్నాడు, వాడు రెండు బంతులు లేపాడన్న కబురు పట్టుకుని రేడియో కింది వార్డుకి వచ్చాడు.

"రెండా?" మంచం మీద కదలలేని నిచ్చెన కళ్లు మాత్రం తిప్పాడు.

"రెండే. మూడోది వణికింది గానీ లేవలేదు. పై వార్డు సిస్టరమ్మ చప్పట్లు కొట్టింది."

"ఆ బండవెధవకి చప్పట్లొకటి! ఇలా తే ఆ డబ్బా."

తూకం మామ గోడకి ఆనుకుని నిలబడి చూస్తున్నాడు. నిచ్చెన పైపు నోట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని, లోపలికి పీల్చాడు. డబ్బాలో మొదటి బంతి లేచింది. రెండోది సగం దాకా వచ్చి పడిపోయింది. నొప్పికి మొహం నల్లబడింది, నుదుట చెమట పట్టింది. అయినా పైపు వదల్లేదు. మళ్లీ పీల్చాడు.

బేరం కుదిరిందని మామకి అర్థమైంది. సరుకు నకిలీదని ముందే తెలుసు.

ఆ డబ్బా చూడ్డానికి పిల్లల ఆటవస్తువులా ఉంటుంది. పక్కపక్కనే మూడు ప్లాస్టిక్ గొట్టాలు, ఒక్కోదాంట్లో ఒక తేలికపాటి బంతి, నోట్లో పెట్టుకోవడానికి ఒక పైపు. గట్టిగా ఊపిరి పీలిస్తే బంతులు లేస్తాయి. ఒళ్లు బాగున్న మనిషికి అది పనే కాదు. పక్కటెముకలు విరిగి, పొగ మింగి, తుంటి నుజ్జయి పడున్న మనిషికి మాత్రం ఒక్కో గుక్కా ఒక కత్తిపోటు. ఆ నొప్పికి భయపడి పైపైన ఊపిరి తీసుకుంటే ఊపిరితిత్తుల అడుగున కఫం పేరుకుంటుంది. పేరుకున్నది చెడుతుంది. చెడింది మనిషిని తీసుకుపోతుంది. "మందులు మేమిస్తాం. ఊపిరి మాత్రం ఆయనే పీల్చాలి, దానికి బదిలీ డ్యూటీ ఉండదు" అన్నాడు డాక్టరు.

నిచ్చెన మొదట్లో పీల్చనన్నాడు. భార్య బతిమాలింది, సిస్టరు కసిరింది, స్టేషన్ ఆఫీసరు గారు హుకుం చేశారు. మొహం గోడవైపు తిప్పుకున్నాడు. అప్పుడు రేడియో, నోరు ఖాళీగా ఉంచుకోలేని రోగం కొద్దీ, "పైన మీ బావ లేపుతున్నాడు, నువ్వేమో ఇక్కడ అలక పాన్పు ఎక్కావు" అనేశాడు. పెట్టుబడి లేకుండా మొదలైన వ్యాపారమది.

వీళ్లంతా ఒకే ఫైర్ స్టేషన్ మనుషులు, ఈ పేర్లన్నీ స్టేషన్లో పెట్టుకున్నవే. మామ అక్కడ డ్రైవరు. ఉద్యోగానికి ముందు వాళ్ల నాన్న ధాన్యం కొట్లో తక్కెడ ముందు కూర్చున్నవాడు. కొట్టు పోయింది గానీ తక్కెడ మనిషిలో మిగిలిపోయింది. ఏ సంగతైనా ఒక పళ్లెంలో వేసి, రెండో పళ్లెంలో రాయి పెట్టి, ముల్లు నిలిచాక గానీ నోరు తెరవడు. అందుకే తూకం మామ. రేడియో అయితే, "మామకి నిప్పంటుకున్నా సరే, ఆర్పితే ఎంత గిట్టుబాటో చూసుకుని గానీ నీళ్లు అడగడు" అనేవాడు.

నిచ్చెన పొడుగు, బండ అడ్డం. పొగలోకి ఒంటరిగా ఎవరూ వెళ్లకూడదు, ఇద్దరు కలిసే వెళ్లాలి, వెనకవాడి చెయ్యి ముందువాడి నడుం పట్టీ మీద ఉండాలి. ఏళ్ల తరబడి ఆ జోడీ వీళ్లదే. బండ తన చెల్లెల్ని నిచ్చెనకి ఇచ్చినప్పుడు చుట్టాలు, అబ్బాయి సంగతి విచారించావా అని అడిగారట. "పొగలో నా వీపు వాడికి అప్పజెప్పా. ఇంకేం విచారించాలి?" అన్నాడట బండ. అప్పట్నుంచి స్టేషన్లో ఎవరు "బావా" అన్నా రెండు తలలు తిరిగేవి. బండ ఆమెని చెల్లెమ్మా అంటాడు కాబట్టి స్టేషనంతటికీ ఆమె చెల్లెమ్మే. లోకమంతా మామ అనే మనిషిని ఆమె ఒక్కతే "బాబాయ్" అంటుంది.

పరుపుల గోదాము తగలబడిన రోజున లోపల కాపలావాడు చిక్కుకున్నాడని ఎవరో అరిచారు. జోడీ లోపలికి వెళ్లింది. పైన చెక్క అటక నిండా పరుపులు. తడిసిన పరుపుల బరువుకి, కాలిన దూలాల నీరసానికి అటక మొత్తం ఒక్కసారి కిందికి దిగింది. కాపలావాడు వీధి చివర టీ తాగుతున్నాడన్న సంగతి తరవాత తెలిసింది. వాడి తప్పేం లేదు, టీ తాగే వేళ అది.

డ్రైవరు బండి వదలకూడదు. పంపు వదిలితే నీళ్లు ఆగుతాయి, నీళ్లాగితే తియ్యడానికి వెళ్లినవాళ్లు కూడా మిగలరు. అందుకని, తన ఇద్దరు మనుషుల్నీ మిగతావాళ్లు బయటికి ఈడ్చుకొస్తుంటే, మామ పంపు పిడి పట్టుకుని గేజీలో ముల్లు చూస్తూ నిలబడ్డాడు. చిన్నప్పట్నుంచి ముళ్లు చూసి బతికిన మనిషి. ఏ ముల్లూ అంత బరువుగా కదల్లేదు.

ఇద్దర్నీ ఒకే ఆస్పత్రికి తెచ్చారు. నిచ్చెన కింది వార్డుకి వచ్చాడు. బండని పై అంతస్తుకి తీసుకెళ్లారు. పై అంతస్తు నుంచి బండ మరి దిగలేదు.

లిఫ్టు పక్కన నిలబడి మాట్లాడుకున్నారు. డాక్టరు, ఆఫీసరు గారు, చెల్లెమ్మ, మామ. డాక్టరు తేల్చలేదు. "చెప్పకపోతే మంచిదనీ అనలేను, చెబితే తట్టుకుంటాడనీ అనలేను" అన్నాడు. ఆఫీసరు గారు టోపీ చేతుల్లో తిప్పుతూ నేల చూశారు.

"అబద్ధం నిల్వ సరుకు కాదమ్మా," అన్నాడు మామ. "ఎండాకాలం కూరగాయ లాంటిది. ఇవాళ తాజాగానే ఉంటుంది. రేపు నీళ్లు చల్లాలి. ఎల్లుండి వాసనొస్తుంది."

చెల్లెమ్మ మొహం కడుక్కుని వచ్చింది. కొంగుతో తుడుచుకుంటూ, "మా అన్నయ్య ఎలాగూ రాడు బాబాయ్," అంది. "ఉన్నవాణ్ణి నిలుపుకోనివ్వండి."

మామ తక్కెడ ఎత్తాడు. ఒక పళ్లెంలో నిజం. రెండో పళ్లెంలో ఆ పిల్ల మొహం. తూచే పనే లేకపోయింది.

బండ చివరి పనులు స్టేషన్ వాళ్లే చేశారు. అవి ముగించుకుని చెల్లెమ్మ సరాసరి వార్డుకి వచ్చి, మంచం పక్కన స్టూలు లాక్కుని, "మీ బావ అన్నం బాలేదని వంటమనిషితో దెబ్బలాడాడట" అంది. నిచ్చెన నవ్వబోయి, పక్కటెముకలు పట్టుకుని, "నవ్వించి చంపకే" అన్నాడు. మామ తలుపు దాటి వరండాలోకి వెళ్లిపోయాడు.

ఆ రోజు నుంచి డ్యూటీ దిగినవాళ్లు దిగినట్టు వంతులు వేసుకుని వచ్చారు. వచ్చినవాడల్లా పై వార్డు కబురొకటి తేవాలి. మొదట్లో భయంభయంగా తెచ్చారు. తరవాత పోటీ పడ్డారు. బండ కాలు తాడుతో పైకి కట్టారు, చేతిపంపు పిడిలా ఉన్నాడు అన్నాడు ఒకడు. బండ గురకకి పక్క మంచం పేషెంటు, తన జబ్బు తగ్గింది ఇంటికి పంపమని కాళ్లు పట్టుకున్నాడు అన్నాడు ఇంకొకడు. జన్మలో జోకు వేసి ఎరగని ఆఫీసరు గారు కూడా ఓ సాయంత్రం వచ్చి, గొంతు సవరించుకుని, "పేషెంటుగా ఉండి సిస్టర్లకి ఆర్డర్లు వేస్తున్నందుకు మీ బావకి మెమో ఇచ్చాను" అన్నారు. అని, తనే ముందు నవ్వారు. ఆయన పళ్లు అప్పుడే చూశామన్నాడు రేడియో బయటికొచ్చాక.

కబురు చివర బంతుల లెక్క ఉండాల్సిందే. ఇవాళ రెండు. ఇవాళ రెండున్నర. నిచ్చెన పళ్లు బిగించి పీల్చేవాడు. రెండో బంతి నిలబడింది. ఎక్స్‌రే చూసి డాక్టరు, "పరవాలేదే" అన్నాడు. ఆ ఒక్క ముక్కా వరండాలో ఆ చివర్నుంచి ఈ చివరికి చేతులు మారింది. వార్డు బయట బెంచీ మీద కూర్చున్న గట్టి గట్టి మగాళ్లు మొహాలు పక్కకి తిప్పుకున్నారు.

నిచ్చెన ఊరుకుంటాడా? తిరుగు కబుర్లు పంపేవాడు. "వాడితో చెప్పు, నేను లేచాక వాడి కాలు ఇంకోటి నేనే విరగ్గొడతానని చెప్పు." రేడియో సరేనని తల ఊపి, తలుపు తీసుకుని మెట్లెక్కేవాడు. వార్డు తలుపు అద్దంలోంచి మెట్లు కనిపిస్తాయి, అందుకని నిజంగానే ఎక్కాలి. ఒకనాడు కిందికి దిగడం ఆలస్యమైందని మామ వెతుక్కుంటూ వెళ్లాడు. పై మలుపులో, గోడకి ఎదురుగా, రేడియో ఒక్కడే నిలబడి ఉన్నాడు.

"...రెండో కాలు కూడా విరగ్గొడతానంటున్నాడు మీ బావ," అంటున్నాడు గోడతో, మెల్లిగా.

"ఏం చేస్తున్నావురా?"

రేడియో ఉలిక్కిపడి తిరిగాడు. "కబురు అందజేస్తున్నా మామా. అందజెయ్యకుండా కిందికెళ్లి అందిందని ఏ మొహంతో చెప్పను?"

మామ వాడి భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరూ కాసేపు అక్కడే నిలబడి, పైన మాట్లాడి వచ్చినంత వేళ గడిచాక దిగారు.

మామ మాత్రం కబుర్లు తక్కువే తెచ్చేవాడు. అబద్ధం చెప్పలేక కాదు. ఆ విద్యలో ఆయన చెయ్యి పెద్దది. అది వీళ్ల వృత్తి విద్య. శిథిలాల కింద చిక్కినవాడికి నీళ్ల కన్నా, గాలి కన్నా ముందు ఇవ్వాల్సింది మాట. మణికట్టు పట్టుకోవాలి. గొంతు తగ్గించాలి. తొందర పడకూడదు. వాడు తప్పకుండా ఒకటి అడుగుతాడు: నా పక్కనున్నవాళ్లేరీ? భార్యో, బిడ్డో, తోటి కూలీయో. వాళ్లు ఆ పక్కనే చల్లబడి ఉంటారు. నిజం చెబితే వీడూ చేతులు వదిలేస్తాడు. అందుకని స్టేషన్లో తరతరాలుగా ఒకే మాట: "వాళ్లని ముందే తీసేశాం. బయట ఉన్నారు. మీరు నా చెయ్యి వదలకండి." ఒక్క అక్షరం మార్చరు. డ్రైవరు కాకముందు మామ కూడా లోపలికి వెళ్లినవాడే. నిచ్చెనకీ బండకీ ఆ మాట నేర్పింది ఆయనే. తడబడకుండా వచ్చేదాకా వల్లె వేయించాడు. కునుకులోంచి లేపి అడిగినా రావాలి అనేవాడు.

ఆ మధ్యాహ్నం మామ వంతు. చెల్లెమ్మ బట్టలు ఉతుక్కోవడానికి వెళ్లింది. ఆయన దగ్గర కబురు సిద్ధంగానే ఉంది: తలగడ కోసం బండకీ పక్క మంచం ముసలాయనకీ పేచీ. దారిపొడవునా నెమరు వేసుకుంటూ వచ్చాడు. వచ్చేసరికి సిస్టరు తుంటి కట్టు మార్చి వెళ్తోంది. నిచ్చెన ఒళ్లంతా వణుకుతోంది. కళ్లు పెద్దవై, ఎటు చూస్తున్నాయో తెలియకుండా ఉన్నాయి. ఆ కళ్లు మామకి కొత్త కాదు. దుమ్ములోంచి, దూలాల సందుల్లోంచి ఎన్నోసార్లు తనని చూసిన కళ్లే అవి.

"మామా," అన్నాడు నిచ్చెన, ఊపిరి అందక. "నా బావ ఏడీ?"

తలగడ సంగతి నోటి దాకా రాలేదు. మామ చెయ్యి దానంతటది వెళ్లి నిచ్చెన మణికట్టు పట్టుకుంది. గొంతు దానంతటది తగ్గింది.

"వాళ్లని ముందే తీసేశాం. బయట ఉన్నారు. మీరు నా చెయ్యి వదలకండి."

అన్నాక గానీ ఆయనకి వినబడలేదు.

నిచ్చెన వణుకు ఆగిపోయింది. ఎదటివాడు తక్కెడలో దొంగరాయి పెడితే కొనేవాడు ఎలా చూస్తాడో అలా కాదు. తన దొంగరాయే తన తక్కెడలోకి వచ్చినవాడు ఎలా చూస్తాడో అలా చూశాడు మామని.

"ఆ మాట నేను ఎంతమందికి చెప్పానో," అన్నాడు.

మామ చెయ్యి ఇంకా ఆ మణికట్టు మీదే ఉంది.

"ఎప్పుడు?"

"ఆ రోజే."

"దానికి తెలుసా?"

"తెలుసు. చెప్పొద్దని తనే అంది."

నిచ్చెన పైకప్పు వంక చూశాడు. భార్య ఇన్నాళ్లుగా ఆ స్టూలు మీద కూర్చుని, చచ్చిపోయిన అన్న గురకని అనుకరించి నవ్వించిన సంగతి ఒక్కో పూటగా వెనక్కి గుర్తొస్తున్నట్టు ఆ కళ్లు కదిలాయి. కళ్ల కొసల్లోంచి నీళ్లు చెవుల్లోకి జారాయి. ఏడవడానికీ ఊపిరి కావాలి. అది లేక చప్పుడు రాలేదు.

"నాకు తెలిసిందని దానికి చెప్పకు మామా. నా మీద ఒట్టు."

"ఎందుకురా? ఇద్దరూ కలిసి ఏడిస్తే..."

"అది ఏడిస్తే నేను ఓదార్చాలి. ఓదార్చడానికి నా దగ్గర ఊపిరి లేదు."

మామ ఒట్టు వేశాడు. చేసిన నష్టానికి పరిహారంగా ఇవ్వగలిగింది ఆయన దగ్గర అదొక్కటే ఉంది.

అక్కణ్ణుంచి వ్యాపారం నడిచింది గానీ, నడిచింది వట్టి దుకాణమే. చెల్లెమ్మ ఉన్నంతసేపూ నిచ్చెన పైపు నోట్లో పెట్టుకునేవాడు. "ఇవాళ ఎంతట మీ అన్నయ్య?" అని తనే అడిగేవాడు. ఆమె చెప్పేది. అతను పీల్చేవాడు. ఒక బంతి. ఒకటిన్నర. ఆమె గది దాటగానే డబ్బా పక్క మీద పడేసి గోడవైపు తిరిగేవాడు. రేడియో కొత్త కబుర్లు మోసుకొచ్చి గుమ్మరిస్తూనే ఉన్నాడు, పాపం, కొనేవాడు కొట్టు మూశాడని తెలియక. నిచ్చెన వాటికి సరిగ్గా నవ్వాల్సిన చోట నవ్వేవాడు. మామకి ఆ నవ్వు వింటుంటే పళ్లు పులిసేవి.

జ్వరం మొదలైంది. ఎక్స్‌రేలో కింద ఉన్న తెల్లటి మచ్చ పైకి పాకింది. "పీలుస్తున్నాడా?" అని అడిగాడు డాక్టరు. "పీలుస్తున్నారు, నేను దగ్గరుండి చూస్తున్నా" అంది చెల్లెమ్మ. మామ గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు.

ఆ రోజంతా ఆయన బండి తుడిచిన చోటే తుడిచాడు. ఇచ్చిన మాట ఒకవైపు. ఆయన వంశంలో మాట తప్పినవాడు లేడు. కొట్టు పోయింది కూడా మాట తప్పకపోవడం వల్లే. రెండోవైపు నిచ్చెన ప్రాణం. ఇటు చూస్తే ఇటు మొగ్గుతోంది, అటు చూస్తే అటు. ముల్లు నిలవలేదు. ముల్లు నిలవకుండా ఆయన చేసిన పని అదొక్కటే: గుడ్డ పారేసి ఆస్పత్రికి వెళ్లాడు.

చెల్లెమ్మ పెరట్లో కుళాయి దగ్గర భర్త దుప్పటి పిండుతోంది. మామ రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ చెరో వైపు మెలి తిప్పారు.

"అమ్మా, వాడికి తెలుసు," అన్నాడు.

ఆమె మెలి ఆపలేదు. "తెలుసు బాబాయ్."

"వాడికి తెలుసునని నీకు తెలుసా?"

"ఎప్పుడో తెలుసు. ఆయన నన్ను కసరడం మానేశారు." దుప్పట్లోంచి నీళ్లు కారి ఆమె కాళ్ల మీద పడ్డాయి. "ఉప్పెక్కువైనా తింటున్నారు. ఎత్తి కూర్చోబెట్టేప్పుడు నొప్పెట్టినా తిట్టడం లేదు. మొగుడు ఉన్నట్టుండి మంచివాడైపోతే ఏ పెళ్లానికి అనుమానం రాదు చెప్పండి?"

మామ తన చేతిలో కొస ఆమెకి అందించాడు. "మరి ఇంకా ఈ కబుర్లెందుకమ్మా? లెక్కలెందుకు?"

చెల్లెమ్మ దుప్పటి దులిపి తీగ మీద ఆరేసింది. కొసలు సరిచేసింది. సరిగ్గా ఉన్నవాటినే మళ్లీ సరిచేసింది.

"ఆ గది ఒక్కచోటే బాబాయ్ మా అన్నయ్య ఇంకా అన్నం కోసం దెబ్బలాడుతున్నాడు," అంది. "అది కూడా ఆపేస్తే నేను ఎక్కడికెళ్లి చూసుకోను?"

"వాడు పీల్చడం లేదమ్మా. నువ్వున్నప్పుడు తప్ప."

ఆమె చేతులు తీగ మీదే ఆగిపోయాయి. ఆ సంగతి ఆమెకి తెలియదు.

లోపలికి పరుగెత్తింది. ఏం మాట్లాడుకున్నారో మామ వినలేదు. తలుపు అద్దంలోంచి చూస్తే, నిచ్చెన పైపు పట్టుకుని ఉన్నాడు, ఆమె అతని వీపు నిమురుతోంది. ఆ పూటా, మర్నాడూ అతను నిజంగానే పీల్చాడు. ఆమె లేనప్పుడూ పీల్చాడని సిస్టరు చెప్పింది. ఒక్క బంతే. అది కూడా లేచినట్టు లేచి పడిపోయేది. ఆలస్యమైపోయిందో, మొదట్నుంచీ ఇంతేనో.

మామ డాక్టర్ని వరండాలో నిలేశాడు. "మధ్యలో ఆపకపోతే నిలిచేవాడా?"

"చెప్పలేం," అన్నాడు డాక్టరు. "పొగ లోపలంతా కాల్చింది. రోజూ మూడు బంతులు లేపినా ఇలాగే అయ్యేదేమో. కాకపోయేదేమో."

అంతే. ఏ తక్కెడలోనూ వెయ్యలేని జవాబు. అది పట్టుకునే మామ మిగిలిన జన్మంతా తిరగాలి.

ఆఖరికి ఒక సాయంత్రం, కిటికీలో ఇంకా వెలుగుండగానే, డాక్టరు అందర్నీ పిలిచాడు. గొంతులోకి గొట్టం వేసి, ఊపిరి ఆడించే మిషన్ మీద పెడతామన్నాడు. పెట్టాక మాట్లాడలేడు. ఈ ఛాతీతో మిషన్ మీదికి వెళ్లి తిరిగొచ్చినవాళ్లు తక్కువ. "మాట్లాడేది ఏమన్నా ఉంటే ఇప్పుడే" అని పక్కకి తప్పుకున్నాడు.

డ్యూటీలో లేనివాళ్లంతా వచ్చారు. యూనిఫారాల మీద మసి వాసనతో కొందరు, ఇంటి బట్టల్లో కొందరు. మంచం చుట్టూ నిలబడితే గది చాల్లేదు. నిచ్చెన తలగడల మీద సగం కూర్చుని ఉన్నాడు. ముక్కు పుటాలు ఎగిసిపడుతున్నాయి. పెదాలు నీలంగా ఉన్నాయి. ఆఫీసరు గారు తలుపు దగ్గరే ఆగిపోయారు.

పైకి వెళ్లమని రేడియోకి ఎవరూ చెప్పలేదు. వాడు తలుపు తీసుకుని వెళ్లి మెట్లెక్కాడు. అద్దంలోంచి అందరూ చూశారు. నిచ్చెనకి తెలిసిపోయిందన్నది ఈలోగా వరండా అంతా పాకింది, అందరి మొహాల్లోనూ అందరికీ అన్నీ తెలుసునన్న సంగతి ఉంది. ఎవడి జేబులో దొంగనాణెం వాడికి తెలుసు, అయినా ఒకరి చేతిలోంచి ఒకరు తీసుకుంటూనే ఉన్నారు. కాసేపటికి రేడియో దిగి వచ్చాడు. నోరు తెరిచాడు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వాడి నోట మాట రాలేదు. గోడ పక్కకి వెళ్లి నిలబడ్డాడు.

చెల్లెమ్మ పైపు తుడిచి భర్త పెదాల మధ్య పెట్టింది. అతను కళ్లు మూసుకున్నాడు. మెడలో నరాలు బిగిశాయి. భుజాలు పైకి లేచాయి. డబ్బాలో మూడు బంతులూ అడుగున కూర్చుని ఉన్నాయి. మళ్లీ ప్రయత్నించాడు. ఒక్కటీ కదల్లేదు. కళ్లు తెరిచి ఆ డబ్బాని చూశాడు. తరవాత భార్యని చూడలేక మామని చూశాడు. ఆ చూపులో సిగ్గు ఉంది. పందెంలో ఓడిపోయి నలుగురిలో నిలబడ్డవాడి సిగ్గు.

"పైన..." అన్నాడు. గాలి మింగాడు. "పైన ఎంత?"

గది మామ వైపు తిరిగింది.

రెండంటే మళ్లీ పీలుస్తాడు. ఒకటన్నా పీలుస్తాడు. ప్రాణం పోయే దాకా పీలుస్తాడు, అది వాడి తీరు. మామ ఈసారి తూచలేదు. వెళ్లి మంచం అంచున కూర్చున్నాడు. మణికట్టు పట్టుకోలేదు. తల నిమిరాడు, కన్నకొడుకు తల నిమిరినట్టు.

"వాడూ ఇవాళ లేపలేకపోయాడురా," అన్నాడు. "ఎంత చెప్పినా వినకుండా డబ్బా అవతల పెట్టేశాడు. అటు తిరిగి పడుకున్నాడు."

నిచ్చెన ఆయన మొహంలోకి చూశాడు. భుజాలు మెల్లగా కిందికి దిగాయి. పెదాలు ఒక పక్కకి కదిలాయి.

"బద్ధకం... వెధవ," అన్నాడు.

చెల్లెమ్మ పైపు తీసేసింది. డబ్బా కింద పెట్టింది. కొంగుతో భర్త నోరు తుడిచింది. అతని చేతిని తన చెంపకి ఆనించుకుంది. తరవాత, ఇన్నాళ్లుగా ఆ గదిలో ఒక్క చుక్క రాల్చని మనిషి, "అన్నయ్యా" అని గొంతెత్తి ఏడ్చింది. ఆ ఏడుపు వరండా దాటి, మెట్లు దాటి పైకి వెళ్లింది.

సిస్టరు గబగబా వచ్చింది, పక్క పేషెంట్లున్నారని చెప్పబోయింది. ఆఫీసరు గారు తలుపుకి అడ్డంగా చెయ్యి పెట్టారు.

"ఉండనివ్వండమ్మా," అన్నారు.

మిషన్ను తోసుకుంటూ ఇద్దరు మనుషులు వరండాలో వస్తున్నారు. చక్రాల్లో ఒకటి కిర్రుమంటోంది. లోపలి మగాళ్లు గోడలకి జరిగి దానికి దారి ఇచ్చారు.